మెడిసిన్‌కి ముందు ఇంకో భాష చదవాలా వద్దా: బైపీసీ పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు సమగ్ర మార్గదర్శి

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు ఉంచుకోవాలా, సంస్కృతం తీసుకోవాలా? సీబీఎస్‌ఈలో ఆరో సబ్జెక్టుగా ఒక భాష పెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుందా? ఎవరో జర్మన్ క్లాసులో ఇప్పుడే చేర్పించమన్నారు, చేర్పించాలా? ఇక్కడ సీటు రాక రష్యాకో జార్జియాకో పంపాల్సి వస్తే అక్కడి భాష ముందే నేర్పించి పంపాలా?

ప్రభుత్వాసుపత్రి ఓపీలో రోజూ రోగులతో మాట్లాడే డాక్టరుగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత మీ పరిస్థితికి అది సరిపోతుందో లేదో మెట్టు మెట్టుగా చూసుకోండి. నీట్ రాసేదాకా అదనపు భాష సబ్జెక్టు చాలామందికి అక్కర్లేదు. నీట్ అయిపోయాక, మెడికల్ కాలేజీలో క్లాసులు మొదలయ్యేలోపు మాత్రం ఒక భాష మీద గట్టిగా కూర్చోవాలి. ఆ భాష మీరు రోగుల్ని చూడబోయే ఊరిది. మన పిల్లల్లో ఎక్కువమందికి అది తెలుగే, అదీ ఇంటర్‌లో మార్కుల కోసం వదిలేసి వచ్చిన తెలుగు.

మొదటి మెట్టు: మీ ముందున్న ప్రశ్న ఏదో తేల్చుకోండి

"ఇంకో భాష" అనే మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. తెలంగాణ ఇంటర్ బోర్డులో ఎలాగూ చదవాల్సిన సెకండ్ లాంగ్వేజ్ ఏది పెట్టుకోవాలన్నది ఒకటి. సీబీఎస్‌ఈలో ఐదు సబ్జెక్టులు సరిపోయినా ఆరోది అదనంగా పెట్టుకోవాలా అన్నది రెండోది. బోర్డుతో సంబంధం లేకుండా బయట డబ్బు కట్టి జర్మనో రష్యనో నేర్చుకోవడం మూడోది. మొదటిదానికి అదనంగా పోయే సమయం పెద్దగా ఉండదు, ఏదో ఒకటి చదవాల్సిందే కాబట్టి. రెండోదానికి రెండేళ్లపాటు వారంవారం గంటలు పోతాయి. మూడోదానికి గంటలతో పాటు డబ్బూ పోతుంది, సగంలో మానేస్తే రెండూ దండగే. ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు మూడింట్లో దేని గురించి మాట్లాడుతున్నారో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది, ఎందుకంటే నాన్న ఒకదాని గురించి, కాలేజీ వాళ్లు ఇంకోదాని గురించి మాట్లాడుతుంటారు.

రెండో మెట్టు: నిబంధన ఏం అడుగుతోందో చూడండి

మన దేశంలో ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకు మీదే వస్తుంది. నీట్ 720 మార్కులు: ఫిజిక్స్ 45 ప్రశ్నలు, కెమిస్ట్రీ 45, బయాలజీ 90, మొత్తం 180. భాషకు ఒక్క ప్రశ్న కూడా లేదు. పన్నెండో తరగతి లేదా ఇంటర్ నుంచి కావాల్సింది ఏమిటంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, ఇంగ్లిష్ విడివిడిగా పాసై ఉండాలి, సైన్సు సబ్జెక్టులు మూడూ కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం రావాలి. భాషల్లో పేరు పెట్టి అడిగేది ఇంగ్లిష్ ఒక్కటే. ఏ కారణం చేతైనా ఇంగ్లిషో బయాలజీయో లేకుండా పన్నెండు పూర్తిచేసిన వాళ్లు తర్వాత గుర్తింపు ఉన్న బోర్డు నుంచి దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కి కూర్చోవచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో స్పష్టం చేసింది. అలాంటి వాళ్లకు అదనపు భాష అంటే ఇంగ్లిషే, అది రాయక తప్పదు.

ఇక సంస్కృతం సంగతి. తెలంగాణ ఇంటర్ బైపీసీలో రెండేళ్లకు కలిపి 1000 మార్కులైతే అందులో 400 భాషలవి, ఇంగ్లిష్ 200, సెకండ్ లాంగ్వేజ్ 200. సంస్కృతం జవాబులు తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసుకునే వెసులుబాటు ఉంది కాబట్టి తక్కువ చదువుతో వందకి తొంభై పైన తెచ్చుకుంటారు, కాలేజీలకు ఫ్లెక్సీల మీద వేసుకోవడానికి మంచి టోటల్ వస్తుంది. కానీ మెడికల్ సీటుకు ఆ టోటల్‌తో పని లేదు. 985 వచ్చినా 850 వచ్చినా నీట్ ర్యాంకు ర్యాంకే. అందుకని "సంస్కృతం తీసుకుంటే మార్కులొస్తాయి" అన్న వాదనను ఎంబీబీఎస్ లెక్కలోంచి తీసేయండి. "సంస్కృతం తీసుకుంటే బయాలజీకి సమయం మిగులుతుంది" అన్న వాదనను మాత్రం కొట్టిపారేయలేం, దాని సంగతి నాలుగో మెట్టులో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్ సబ్జెక్టుల అమరిక మారింది, కాబట్టి అక్కడి పిల్లలు పాత సీనియర్లు చెప్పింది పట్టుకోకుండా బోర్డు ఇచ్చిన తాజా జాబితా చూసి ఎంచుకోండి.

భాషను గట్టిగా పట్టించుకునే చదువులు కొన్ని ఉన్నాయి. ఆయుర్వేదం, అంటే బీఏఎంఎస్, మొదటి ఏడాదిలో సంస్కృతం ఒక పేపరు. హైదరాబాద్‌లో డాక్టర్ బీఆర్‌కేఆర్ కాలేజీ, విజయవాడలో డాక్టర్ ఎన్‌ఆర్‌ఎస్ కాలేజీ, తిరుపతిలో ఎస్వీ ఆయుర్వేద కాలేజీ, వీటిల్లో ఏదో ఒకదాంట్లో చేరే ఆలోచన నిజంగా ఉంటే ఇంటర్‌లో సంస్కృతం తీసుకోవడం అర్థమున్న పని, అదీ దేవనాగరి లిపి చదవడం, శబ్దాలు, సంధులు శ్రద్ధగా నేర్చుకుంటేనే. గైడు బట్టీ పట్టి తెలుగులో జవాబులు రాస్తే ఆ రెండేళ్ల సంస్కృతం అక్కడ అక్కరకు రాదు. యునానీకి ఉర్దూ, సిద్ధ వైద్యానికి తమిళం అడుగుతారు. చార్మినార్ దగ్గరి నిజామియా టిబ్బీ కాలేజీ లాంటి చోట చేరాలనుకునే వాళ్లు పదో తరగతిలో ఏ భాష చదివారన్నది కూడా చూస్తారు కాబట్టి ఆ ఏడాది అడ్మిషన్ నోటిఫికేషన్ ముందే చదవండి.

మూడో మెట్టు: రోగుల్ని ఎక్కడ చూస్తారో ఊహించండి

నిర్ణయమంతా నిలబడేది దీని మీదే, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకి పోతాయి, మిగిలిన 85 శాతం రాష్ట్రానివే. అంటే మన పిల్లల్లో సీటు వచ్చిన వాళ్లు ఎక్కువమంది వరంగల్లోనో, కాకినాడలోనో, కర్నూల్లోనో, నల్గొండలోనో తేలతారు. అక్కడికొచ్చే రోగి తెలుగులో మాట్లాడతాడు, కానీ అది టీవీ తెలుగు కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, హైస్కూల్లో తెలుగు పరీక్షకు మాత్రమే, ఇంటర్‌లో సంస్కృతం, ఇంట్లో సగం ఇంగ్లిషు, ఇలా వచ్చిన పిల్లలు మొదటిసారి వార్డులో నిలబడ్డప్పుడు ఎంత ఇబ్బంది పడతారో నేను చూస్తూనే ఉన్నాను.

పిల్లల వార్డులో ఒక తల్లి "బాబు రాత్రి నుంచి డొక్కలు ఎగరేస్తున్నాడు సారూ" అంటుంది. ఊపిరి తీసుకోవడానికి పసివాడు అవస్థ పడుతున్నాడని, పక్కటెముకల కింద కండ లోపలికి గుంజుకుపోతోందని ఆమె చెబుతోంది. న్యుమోనియాలో డాక్టరు వెతికే గుర్తే అది. పుస్తకంలో ఇంగ్లిషులో ఆ లక్షణాన్ని చదివిన విద్యార్థికి ఈ మాట తెలియకపోతే కేస్ షీట్లో "దగ్గు, జ్వరం" అని రాసి వదిలేస్తాడు. అలాగే "వేడి చేసింది" అంటారు. మూత్రంలో మంటైనా, నోట్లో పుండ్లైనా, ఒంటి మీద కురుపులైనా, విరేచనాలైనా మన దగ్గర వేడి చేయడమే, కాబట్టి వెంటనే "ఎక్కడ, ఎలా ఉంది?" అని అడగడం తెలియాలి. "గ్యాస్ పట్టేసింది" అంటూ ఛాతీ పట్టుకుని వచ్చిన యాభై ఏళ్ల మనిషికి ముందు ఈసీజీ తీయించాలి. "కళ్లు బైర్లు కమ్మాయి", "కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి", "ఆయాసం వస్తోంది", "తెల్లబట్ట అవుతోంది", "నెల తప్పింది", "సలుపుతోంది", "పొడిచినట్టుంది", "గుంజుతోంది" ఇవన్నీ వేర్వేరు లక్షణాలు. నొప్పి తీరుని బట్టే సగం రోగనిర్ధారణ జరుగుతుంది. ఒకరు తలనొప్పి అంటే ఇంకొకరు "నెత్తి నొస్తోంది" అంటారు, జిల్లా మారితే మాట మారుతుంది.

అందుకే నా మాట: సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు మీకు భారం కాకపోతే తెలుగే ఉంచుకోండి. ఇంటర్ తెలుగు పుస్తకంలో డొక్కలు ఎగరేయడం ఉండదు, నిజమే, పద్యాలూ వ్యాకరణమూ ఉంటాయి. కానీ రెండేళ్లు తెలుగు చదువుతూ రాస్తూ ఉన్న చెవికీ, రెండేళ్లు పూర్తిగా ముఖం చాటేసిన చెవికీ తేడా ఉంటుంది. భారమే అనుకుంటే సంస్కృతం తీసుకోండి, తప్పేం లేదు, తర్వాత తెలుగు మీద ఎలా పని చేయాలో కింద చెబుతాను.

తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నా రెండో భాష అక్కరకొచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. హైదరాబాద్ ఉస్మానియాలో ఉర్దూ లేకుండా రోజు గడవదు. ఆదిలాబాద్ రిమ్స్‌కి మరాఠీ మాట్లాడే వాళ్లూ గోండీ మాట్లాడే వాళ్లూ వస్తారు. విశాఖ కేజీహెచ్‌కి కోరాపుట్ వైపు నుంచి ఒడియా రోగులు, కర్నూలుకి రాయచూరు, బళ్లారి వైపు నుంచి కన్నడిగులు, తిరుపతికి తమిళులు. ఇందులో దేన్నీ ఇంటర్‌లో సబ్జెక్టుగా తీసుకోనక్కర్లేదు. సీటు వచ్చాక మొదలుపెడితే చాలు.

ఆలిండియా కోటాలోనో ఎయిమ్స్‌లోనో సీటొస్తే సంగతి వేరు. 2020 నుంచి ఎయిమ్స్, జిప్‌మర్ సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే ఇస్తున్నారు కాబట్టి మన పిల్లలు మంగళగిరి, బీబీనగర్‌తో ఆగకుండా రిషీకేశ్, పాట్నా, జోధ్‌పూర్ దాకా ఆప్షన్లు పెడుతున్నారు. అక్కడ హిందీ లేకపోతే వార్డులో పక్కవాడి నోటి మీద ఆధారపడాల్సిందే. పైగా పుస్తకం హిందీ వచ్చినంత మాత్రాన సరిపోదు, పాట్నాలో భోజ్‌పురీ, మగహీ, జోధ్‌పూర్‌లో మార్వాడీ వినపడతాయి. పుదుచ్చేరి జిప్‌మర్‌కి తమిళం, కర్ణాటక ప్రైవేటు కాలేజీలకు కన్నడం కావాలి.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. రోగులతో మాట్లాడటం మూడో ఏడు దాకా ఉండదులే అనుకుంటారు. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికతో మొదటి ఏడాదిలోనే రోగుల దగ్గరికి తీసుకెళ్లడం మొదలైంది, 2022 నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం కింద ఫస్ట్ ఇయర్ పిల్లలు పల్లెలకు వెళ్లి కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని గమనిస్తున్నారు. చేరగానే జరిగే ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకూ చోటుంది. 2019 నమూనాలో భాష, కంప్యూటర్ నైపుణ్యాలకు కలిపి 40 గంటలు కేటాయించారు, ఆ తర్వాత కోర్సు మొత్తాన్నే కుదించారు. ఆ కాస్త సమయంలో కొత్త భాష రాదు. అక్షరాలు, పలకరింపులు ముందే వచ్చిన వాళ్లకు మాత్రం ఆ క్లాసులు బాగా ఉపయోగపడతాయి.

నాలుగో మెట్టు: గంటల లెక్క వేయండి

ఆరో సబ్జెక్టో, బయట క్లాసో వారానికి నాలుగు గంటలు తింటుందనుకుందాం, ఏడాదికి 50 వారాలు వేసుకున్నా 200 గంటలు. రెండేళ్లకు 400. బయాలజీలో 360 మార్కులున్న పరీక్షకు చదివే పిల్లకు ఆ 400 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పగలగాలి. "ఆదివారం ఎలాగూ ఖాళీయే" అంటే కుదరదు, ఆదివారం గ్రాండ్ టెస్టు ఉంటుంది, లేదంటే ఆ పిల్ల కాస్త నిద్రపోయేది ఆ రోజే. నిద్ర కోసి భాష నేర్పొద్దు.

నిజంగా తేల్చుకోవాలంటే ఇలా చేయండి. ఒక మామూలు వారంలో స్టడీ అవర్స్ ఎన్ని, రివిజన్ ఎన్ని, తిండి, నిద్ర, ప్రయాణం ఎన్ని అని పిల్లలనే రాయమనండి. మీరు రాయకండి. మిగిలిన ఖాళీలో రోజుకి నలభై నిమిషాలు రెండు వారాలపాటు ఆ భాషకి పెట్టి చూడండి, ఉచిత వీడియోలతోనే, ఫీజు కట్టకుండా. రెండు వారాల తర్వాత వీక్లీ టెస్టు మార్కులు తగ్గాయా, పిల్లలు ఆ నలభై నిమిషాల కోసం ఎదురుచూస్తున్నారా, తప్పించుకుంటున్నారా చూడండి. కొంతమందికి ఫిజిక్స్ సమస్యల మధ్య భాష నిజంగా ఊరటనిస్తుంది, అలాంటి వాళ్లను ఆపకండి. ఎక్కువమంది పదో రోజుకే వదిలేస్తారు, అప్పుడు ఫీజు కట్టలేదన్న సంతోషమైనా మిగులుతుంది.

సెకండ్ లాంగ్వేజ్ విషయంలోనూ ఇదే కొలత. తెలుగు పద్యానికి ప్రతిపదార్థం రాయడమంటే పిల్లలకు చెమటలు పడుతున్నాయా, లేక చదివింది చదివినట్టు వచ్చేస్తోందా? పదో తరగతిలో తెలుగు బాగా వచ్చిన పిల్లలకు ఇంటర్ తెలుగు వారానికి రెండు గంటలు మించి అడగదు. పాసవుతామో లేదో అని భయపడే పిల్లలకు మాత్రం ఆ భయాన్ని రెండేళ్లు మోయించకండి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీకు అదనపు భాష ఇంగ్లిషే, ఇంకేదీ పెట్టుకోవద్దు. నీట్ తెలుగులో రాయొచ్చు, ప్రశ్నపత్రంలో తెలుగు, ఇంగ్లిషు రెండూ ఉంటాయి, రెంటికీ తేడా వస్తే ఇంగ్లిషు పాఠమే ప్రమాణం. కానీ సీటు వచ్చిన మరుసటి నెలే అనాటమీ పుస్తకం ఇంగ్లిషులో తెరవాలి. అందుకని ఇంటర్ రెండో ఏడు నుంచి బయాలజీ పాఠం తెలుగులో చదివాక అదే పాఠం ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిషు పుస్తకంలో పైకి చదవండి. మూత్రపిండం పక్కన కిడ్నీ అనీ, నెఫ్రాన్ అనీ, కాలేయం పక్కన లివర్ అనీ, హెపాటిక్ అనీ పుస్తకం అంచునే రాసుకోండి. ఇది నీట్ చదువులో భాగమే కాబట్టి దీనికి వేరే గంటలు వెతుక్కోనక్కర్లేదు.

లాటిన్ నేర్చుకోవాలా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దు. వైద్య పదాల్లో లాటిన్, గ్రీకు మూలాలు నిండా ఉన్నమాట నిజం, చీటీ మీద రాసే బీడీ, టీడీఎస్, ఎస్‌ఓఎస్ కూడా లాటిన్ పొట్టి రూపాలే. కానీ ఓ వంద మూలపదాలు తెలిస్తే కొండంత పుస్తకం దారిలోకి వస్తుంది, "ఐటిస్" అని ముగిస్తే వాపు, "ఎక్టమీ" అని ముగిస్తే కోసి తీసేయడం, ఇలాగ. ఫస్ట్ ఇయర్‌లో చదువుతూ చదువుతూ పోగవుతాయి.

ఐదో మెట్టు: విదేశానికి వెళ్లే ఆలోచన ఉంటే

ఇక్కడ ఏజెంట్ల మాట కంటే నిబంధన ముందు చదవండి. 2021 నవంబరులో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనల ప్రకారం విదేశంలో చదివి వచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే కోర్సు కనీసం 54 నెలలుండాలి, బోధన ఇంగ్లిషులో జరగాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే అదే సంస్థలో చేయాలి, తిరిగొచ్చాక ఇంకో 12 నెలలు ఇక్కడ చేయాలి. వెళ్లేముందు నీట్ అర్హత కూడా ఉండాలి.

బోధన ఇంగ్లిషులోనే అన్నారు కదా, ఇక అక్కడి భాషతో పనేముంది అనుకోకండి. పాఠం ఇంగ్లిషులోనే, కానీ ఆసుపత్రిలో మంచం మీదున్న పెద్దావిడకి ఇంగ్లిషు రాదు. రష్యాలో, కిర్గిజ్‌స్థాన్‌లో క్లినికల్ ఏడాదులు మొదలయ్యేసరికి "ష్తో వాస్ బెస్పకోయిత్?", అంటే మీకేం ఇబ్బందిగా ఉంది, "గ్ద్యే బలీత్?", ఎక్కడ నొప్పి, ఇవి నోటికి రావాలి, ముఖ్యంగా వాళ్లిచ్చే జవాబు చెవికి అందాలి. రాని వాళ్లు వార్డు వెనక వరసలో నిలబడి మూడేళ్లు గడిపేస్తారు, తిరిగొచ్చాక విదేశాల్లో చదివిన వాళ్లకు ఇక్కడ పెట్టే స్క్రీనింగ్ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవడానికి కష్టపడేది ఎక్కువగా వీళ్లే అని నా నమ్మకం, ఎందుకంటే రోగిని చూడకుండా చదివింది మెదడులో నిలవదు. చైనాలో చాలా యూనివర్సిటీలు హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్ష నాలుగో స్థాయి పాసవమంటాయి. జార్జియా భాషకు లిపే వేరు, 33 అక్షరాలు. ఫిలిప్పీన్స్‌లో దవావో వైపు వెళ్తే ఇంగ్లిషుతో పాటు బిసాయా వినపడుతుంది.

అయినా ఇంటర్‌లో రష్యన్ మొదలుపెట్టమని నేను చెప్పను. ఏ దేశమో చివరి నెలదాకా తేలదు. అడ్మిషన్ లెటరు చేతికొచ్చాక విమానం ఎక్కేలోపు లిపి, అంకెలు, వంద వాక్యాలు, ఇంతవరకు పూర్తిచేస్తే మొదటి సెమిస్టరు భాషా క్లాసులో మీరే ముందుంటారు. రష్యన్‌లో నామవాచకం చివర విభక్తిని బట్టి మారుతుంది, రాముడు, రాముణ్ణి, రాముడికి అనే అలవాటున్న మనకి ఆ పద్ధతి ఇంగ్లిషు మాత్రమే తెలిసిన వాళ్లకంటే తొందరగా ఒంటబడుతుంది.

జర్మనీ సంగతి వేరే. అక్కడ మెడిసిన్ జర్మన్‌లోనే చెబుతారు, చేరడానికి సాధారణంగా సీ1 స్థాయి, అంటే భాష ధారాళంగా వచ్చిన స్థాయి, అడుగుతారు, దానికి 45 నిమిషాల పీరియడ్లు 800 నుంచి 1000 దాకా పడతాయి. ఇది నీట్‌తో పాటు మోసే బరువు కాదు. పైగా బోధన ఇంగ్లిషులో ఉండాలన్న మన నిబంధనకు అది నిలవదు కాబట్టి జర్మన్‌లో ఎంబీబీఎస్ స్థాయి చదువు చదివితే ఇక్కడికొచ్చి ప్రాక్టీసు చేసే దారి మూసుకుపోయినట్టే అనుకోండి. ఫీజు లేదన్న ఒక్క మాట విని పదహారేళ్ల పిల్లల్ని ఆ క్లాసుల్లో వేసే ముందు, అక్కడే స్థిరపడటం ఇంట్లో అందరికీ సమ్మతమేనా అని మాట్లాడుకోండి. సమ్మతమైతే సగం సగం వద్దు, నీట్ వదిలి పూర్తిగా దాని మీదే కూర్చోవాలి. ఇక్కడ ఎంబీబీఎస్ చేసి పీజీకి జర్మనీ వెళ్దామనుకునే వాళ్లు జర్మన్‌ని ఎంబీబీఎస్ రెండో ఏడాది తర్వాత మొదలుపెట్టుకోవచ్చు, అక్కడ డాక్టర్లకు పెట్టే వైద్య భాషా పరీక్షకి అప్పటికి మెడిసిన్ కూడా కొంత వచ్చి ఉంటుంది, రెండూ ఒకదానికొకటి సాయపడతాయి.

ఆరో మెట్టు: నేర్చుకోవాలని తేలితే ఎలా మొదలుపెట్టాలి

నీట్ సాధారణంగా మే మొదటి వారంలో అవుతుంది, కౌన్సెలింగ్ పూర్తయి క్లాసులు మొదలయ్యేసరికి నాలుగైదు నెలలు పడుతుంది. లాంగ్ టర్మ్, అంటే నీట్ మళ్లీ రాయడానికి ఇంకో ఏడాది కోచింగ్, తీసుకోని పిల్లలకు ఆ నెలలు ఫోనులోనే పోతాయి. అప్పుడు రోజుకి గంట చాలు.

మొదటి రెండు వారాలు లిపి జోలికి పోకండి, కన్నడం తప్ప. కన్నడ లిపి మన తెలుగుకి ఎంత దగ్గరంటే నాలుగైదు రోజుల్లో బోర్డులు చదివేస్తారు, ఆ ఉత్సాహంతో మిగతాది నడుస్తుంది. హిందీ, తమిళం, ఉర్దూ అయితే ముందు చెవి, నోరు. అడగాల్సిన ప్రశ్నలు డాక్టరు అడిగే వరసలోనే నేర్చుకోండి: పేరు, వయసు, ఊరు, చేసే పని, ఏం ఇబ్బంది, ఎన్నాళ్ల నుంచి, ఎక్కడ, ఎలాంటి నొప్పి, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఇంతకుముందు ఇలా వచ్చిందా, షుగరు, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు. హిందీలో "దర్ద్ కబ్ సే హై?", తమిళంలో "ఎంగే వలిక్కుదు?", కన్నడలో "ఎల్లి నోవు ఇదె?" ఇలా ఒక్కో ప్రశ్నకీ ఒక్క రూపం చాలు, నాలుగు రూపాలొద్దు. తర్వాత అంకెలు, వారాల పేర్లు, ఒంటి భాగాలు. అంకెలు తేలిగ్గా తీసుకుంటారు కానీ "రెండు మాత్రలు, రోజుకి మూడుసార్లు, ఐదు రోజులు" అని తప్పు లేకుండా చెప్పగలగడం వీటన్నింటికంటే ముఖ్యం. హిందీలో మనవాళ్లు తడబడేది లింగం దగ్గర, దానికి బెదిరిపోకండి, "దవా లేనా హై" అన్నా "లేనీ హై" అన్నా రోగికి అర్థమవుతుంది. గౌరవం దగ్గర మాత్రం తప్పు చేయొద్దు, పెద్దవాళ్లను "తుమ్" అనొద్దు, "ఆప్" అనండి.

అసలు కష్టం జవాబు అర్థం చేసుకోవడం. ప్రశ్న బట్టీ పట్టి అడిగేస్తారు, అవతలి మనిషి రెండు నిమిషాలు మాట్లాడతాడు, ఏమీ అందదు. అందుకని ఆ భాషలో సామాన్యులు మాట్లాడే వీడియోలు వినండి, వార్తలు కాదు, సంతలో, పొలంలో తీసినవి. అవునో కాదో చెబితే సరిపోయే ప్రశ్నలు కొన్ని, చేత్తో చూపిస్తే సరిపోయేవి కొన్ని ముందే తయారుచేసుకోండి.

తెలుగు కోసమైతే తరగతి అక్కర్లేదు. ఊళ్లో అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని ఒంట్లో బాగోలేనప్పుడు ఏమేమంటారో అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. లేకపోతే మీ పీహెచ్‌సీ ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్మునో అడగండి, నెల తప్పడం దగ్గర్నుంచి బిడ్డకి కామెర్లు రావడం దాకా ఆ ప్రాంతంలో ఆడవాళ్లు ఏ మాట ఎలా అంటారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక పక్క వాళ్ల మాట, ఇంకో పక్క అర్థం రాసుకుని పక్కనే కాస్త ఖాళీ వదలండి, మొదటి ఏడాది మొదలయ్యాక ఆ ఖాళీల్లో పుస్తకంలోని ఇంగ్లిషు పదం చేరుతుంది.

ఏడో మెట్టు: సీటు మారితే

కౌన్సెలింగ్ రెండో రౌండులో, మూడో రౌండులో కాలేజీ మారిపోవడం మామూలే. జిప్‌మర్ అనుకుని తమిళం మొదలుపెడితే రిషీకేశ్ రావచ్చు. అందుకే మొదటి రౌండు అవగానే వేలకు వేలు ఫీజు కట్టి కోర్సుల్లో చేరొద్దు, ఉచితంగా దొరికేవాటితో నెట్టుకురండి. ప్రశ్నల వరస మీకు వచ్చేసి ఉంటే భాష మారినా ఆ వరస మారదు, కొత్త భాషలో వాక్యాలు మార్చుకుంటే సరి. కాలేజీ ఖాయమైన రోజున అక్కడ చదువుతున్న తెలుగు సీనియర్‌ని పట్టుకుని, వార్డులో ఎక్కువ వినపడేది ఏ భాష, అందులో ఏ యాస, ఫస్ట్ ఇయర్‌లో పల్లెలకు ఎప్పుడు తీసుకెళ్తారు, ఈ మూడు ప్రశ్నలు అడగండి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి మిగిలిన వారాల్లో రోజుకి గంట ఎటు పెట్టాలో తేల్చుకోండి.